బొగ్గుముక్క నుంచి సెల్‌ఫోన్ దాకా: మన టీచర్లు నేర్చుకున్న చదువు

టీచర్లు పిల్లలకు చదువు చెప్తారని అందరికీ తెలుసు. వాళ్లు కూడా జీవితమంతా ఏదో ఒకటి కొత్తగా నేర్చుకుంటూనే ఉండాలన్న సంగతి మాత్రం ఇంట్లో టీచరు ఉన్నవాళ్లకే తెలుస్తుంది. మా ఇంట్లో ఆ టీచరు మా వదిన. తొంభైల చివర ఉద్యోగంలో చేరింది. బోధన్ చుట్టుపక్కల ఊళ్లలోనే సర్వీసు గడిచింది. ఆమె ఎన్ని ట్రైనింగులకు పోయి వచ్చిందో లెక్క పెడితే ఒక పాత నోటుబుక్కు నిండుతుంది. ఈ మధ్య కంప్యూటరు, సెల్‌ఫోను, ఆన్‌లైన్ మోసాల మీద ట్రైనింగులు ఎక్కువయ్యాయి.

బీఏలో తెలుగు చదివిన నాకు ఏ మాట విన్నా దాని వెనక కథ వెతకడం అలవాటు. "డిజిటల్ శిక్షణ" అనే ఈ కొత్త మాట వెనక మన నిజామాబాదులో ఎంత కథ ఉందో చూద్దామని కూర్చున్నాను. చూస్తుంటే ఒక సంగతి తెలిసింది. ప్రతిసారీ బడికి పరికరం ముందు వస్తోంది. దాన్ని వాడటం టీచరుకు నేర్పడం తర్వాత వస్తోంది. దానితో వచ్చే ప్రమాదం గురించి చెప్పడం అన్నిటికన్నా చివర వస్తోంది. ఆ చివరి దానికోసం ఆగే ఓపిక మన పిల్లలకు లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మన జిల్లాకు యంత్రాలు కొత్త కాదు. 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన నిజాంసాగర్ నీళ్లతో మంజీర కింద చెరకు పెరిగింది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది. ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటని మా మామయ్య ఇప్పటికీ గర్వంగా చెప్తారు. ఎడ్లబండ్ల మీద చెరకు తోలుకొచ్చిన రైతు బిడ్డలు బాయిలర్ల దగ్గర, క్రషర్ల దగ్గర పని నేర్చుకున్నారు. ఒక యంత్రాన్ని నడిపించడం నేర్పేటప్పుడు మొదటిరోజే చెప్పేది ఒకటుందట: చెయ్యి ఎక్కడ పెట్టొద్దో. తర్వాతే ఏ మీట నొక్కాలో. ఆ వరస గుర్తు పెట్టుకోండి, ముందుముందు పనికొస్తుంది.

అదే 1937లో ఇందూరులో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ జరిగింది. మందుముల నరసింగరావు గారు అధ్యక్షులు. అప్పటికి ఈ రాజ్యంలో పై చదువంతా ఉర్దూలో. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ బోధనా భాష కూడా ఉర్దూయే. పిల్లలకు తల్లిభాషలో చదువు కావాలన్నది మహాసభ అడిగిన వాటిలో ముఖ్యమైనది. ఒక ఊరి పక్కన లోకంలోని కొత్త యంత్రాలన్నీ తిరుగుతున్నాయి, ఆ ఊరి బడిలో పిల్లవాడికి తన భాషలో పాఠమే లేదు. పరికరానికీ చదువుకూ మధ్య ఉన్న ఈ దూరం అప్పటినుంచీ ఉంది.

ఇందూరు ఖిల్లా మీద జైలు ఉండేది. దాశరథి కృష్ణమాచార్య గారిని అక్కడ బంధించారు. వట్టికోట ఆళ్వారుస్వామి గారు తోటి ఖైదీ. కాగితం కలం లేని చోట దాశరథి బొగ్గుముక్కతో గోడ మీద పద్యం రాసిన సంగతి మన జిల్లాలో తెలియనివాళ్లు ఉండరు. చేతిలో రాసే సాధనం ఉండటమే ప్రమాదమైన రోజులవి. సాధనం ఎంత చిన్నదైనా అది ఎవరి చేతిలో ఉంది, ఎవరి కంట పడుతోంది అన్నదాన్ని బట్టే దాని బలం, దాని భయం ఉంటాయి. ఫోను విషయంలోనూ నాకు అదే అనిపిస్తుంది.

1948 సెప్టెంబరు తర్వాత బడుల్లో తెలుగు మీడియం వచ్చింది. ఉర్దూలో లెక్కలు, సైన్సు చదువుకున్న పంతుళ్లు వాటినే తెలుగులో చెప్పాల్సి వచ్చింది. జమా, తఫ్రీక్ అని నేర్చుకున్నవాళ్లు కూడిక, తీసివేత అని చెప్పడం నేర్చుకున్నారు. మన టీచర్లకు మొదటి పెద్ద "ట్రైనింగ్" అదే అని నా లెక్క. ఇందులో కరెంటుతో నడిచే వస్తువు ఏదీ లేదు. కానీ వయసొచ్చాక, పదిమంది పిల్లల ముందు నిలబడి, తనకే కొత్తగా ఉన్నదాన్ని చెప్పడమంటే ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. 2022లో సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టినప్పుడు వదిన తరం టీచర్లు మళ్లీ అదే పరీక్ష రాశారు.

తెర మీద పాఠం అనేది మన పక్క జిల్లాకు 1975లో వచ్చింది. సైట్ అని పిలిచిన ఉపగ్రహ టీవీ ప్రయోగం అది. అమెరికా ఉపగ్రహం సాయంతో 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు టీవీ కార్యక్రమాలు పంపారు. మన రాష్ట్రంలో మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు, హైదరాబాద్ జిల్లాల ఊళ్లు అందులో ఉన్నాయి. నిజామాబాద్ లేదు. మెదక్ సరిహద్దు దాటి ఆ టీవీ మన వైపు రాలేదు. ఆ ప్రయోగంలో నాకు నచ్చిన సంగతి ఏమిటంటే, పిల్లలకు పాఠాలు చూపించి ఊరుకోలేదు. సెలవుల్లో వేల మంది ప్రైమరీ టీచర్లకు సైన్సు ఎలా చెప్పాలో టీవీ, రేడియో, పుస్తకం మూడూ కలిపి నేర్పారు. ఏడాది కాగానే ఉపగ్రహం వెనక్కి పోయింది, తెర ఆగింది. నేర్చుకున్న టీచర్లు మాత్రం బడిలోనే ఉన్నారు.

ఆ తర్వాత జరిగిన ఒక వింత చెప్పనా? 1984లో కేంద్రం క్లాస్ అనే పథకం కింద కొన్ని ఎంపిక చేసిన బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు పంపింది. మూడేళ్ల తర్వాత, 1987లో, ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ అనే పథకం వచ్చింది. అది ఎందుకంటే ప్రతి ప్రైమరీ బడికీ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, నల్లబల్ల ఉండాలని. అంటే దేశానికి కంప్యూటరు ముందు, నల్లబల్ల తర్వాత! నవ్వొస్తుంది కానీ మనం సంసారాల్లో చేసేదీ అదే. గ్యాసు పైపు మారుస్తూ ఉండటం మరిచిపోయి మిక్సీ కొత్తది కొంటాం.

అయితే ఆ కాలంలోనే ఒక మంచి పని కూడా జరిగింది. 1986 విద్యావిధానం తర్వాత జిల్లాకో డైట్ వచ్చింది. నిజామాబాద్ డైట్ అలా వచ్చిందే. బ్రిటన్ సాయంతో నడిచిన ఏపెప్ పథకంలో టీచర్స్ సెంటర్లు పెట్టారు. నాలుగైదు ఊళ్ల టీచర్లు ఒక బడిలో కలిసి, ఒకరు చేసిన పాఠం ఇంకొకరికి చూపించేవారు. అగ్గిపుల్లలు, గచ్చకాయలు, పాత క్యాలెండర్లు, ఇవే పరికరాలు. వదిన ఉద్యోగంలో చేరేటప్పటికి ఆ పథకం అయిపోయింది కానీ, ఆ సెంటర్లలో నేర్చుకున్న పెద్ద టీచర్లే ఆమెకు పని నేర్పారు. "పై నుంచి వచ్చిన సారు చెప్పింది రెండు నెలలు యాదికుంటది. పక్క బడి టీచరు చేసి చూపించింది రిటైరయ్యేదాకా యాదికుంటది" అంటుంది వదిన.

రెండు వేల తర్వాత కంప్యూటర్లు నిజంగా మన బడులకు వచ్చాయి. కేంద్రం 2004లో ఐసీటీ పథకం మొదలుపెట్టింది. ఉమ్మడి రాష్ట్రంలో ఐదు వేల హైస్కూళ్లకు కంప్యూటర్లు, వాటితోపాటు ఐదేళ్ల కాంట్రాక్టు మీద కంప్యూటరు నేర్పేవాళ్లు వచ్చారు. కాంట్రాక్టు అయిపోయింది, వాళ్లు పోయారు. చాలా బడుల్లో గదికి తాళం పడింది. వదిన పని చేసిన ఒక బడిలో కంప్యూటర్ల మీద పాత చీర కప్పి ఉంచేవారట, దుమ్ము పడకుండా. పాడైతే ఎవరు జవాబు చెప్పాలన్న భయంతో టీచర్లు ముట్టుకునేవారు కాదు. రోజూ బడిలో ఉండే టీచరుకు నేర్పకుండా, వచ్చిపోయే మనిషికి అప్పజెప్తే ఇలాగే అవుతుంది.

ఈలోగా మన ఊళ్లలో ఇంకో పెద్ద మార్పు జరిగింది. చక్కెర ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు తగ్గి వరి, పసుపు పెరిగాయి. బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అని మనవాళ్లు చెప్పుకునే వలస దారుల్లో మూడోది మన జిల్లాకు ముందునుంచే అలవాటు, ఇంకా పెరిగింది. తండ్రి గల్ఫ్‌లో, తల్లి బీడీలు చుడుతూ ఇంట్లో, నాయనమ్మ కాపలా. ఇలాంటి ఇళ్లు మన వైపు ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ సరదా వస్తువు కాదు. అది నాన్న ముఖం. సాయంత్రం వీడియో కాల్‌లో కనపడే నాన్న. ఫోన్ పిల్లలకు ఇవ్వొద్దని టీవీల్లో నిపుణులు చెప్తుంటారు. ఆ ఇంట్లో చదువొచ్చింది ఆ తొమ్మిదో తరగతి పిల్లకే అయినప్పుడు, ఫోన్ ఆమె చేతిలో కాక ఎవరి చేతిలో ఉంటుంది? బ్యాంకు మెసేజీ చదివేది ఆమే, నాన్న పంపిన డబ్బు పడిందా లేదా చూసేది ఆమే.

టీచర్ల వైపు చూస్తే, 2017 సెప్టెంబరు 5న దీక్ష అనే వేదిక మొదలైంది. అదే ఏడాది మన రాష్ట్రంలో మన టీవీ పేరు మారి టీ-శాట్ అయింది. 2019 ఆగస్టులో నిష్ఠ అని దేశమంతా టీచర్లకు పెద్ద శిక్షణ మొదలుపెట్టారు. 42 లక్షల మంది టీచర్లకు అందాలన్నది లక్ష్యం. ఇవన్నీ మెల్లగా నడుస్తుండగా కరోనా వచ్చి పడింది.

2020 మార్చిలో బడులు మూసేశారు. సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. టీచర్ల పని ఏమిటంటే, ఏ పిల్ల చూసింది, ఏ పిల్లవాడు చూడలేదు కనుక్కోవడం, వర్క్‌షీట్లు పంపడం, దిద్దడం. ఇరవై ఏళ్లలో జరగని డిజిటల్ శిక్షణ ఇరవై రోజుల్లో జరిగింది. అదీ ఏ హాల్లోనో కాదు, వంటింట్లో. వదిన పప్పు డబ్బాకు ఫోను ఆనించి పాఠం రికార్డు చేసేది. వెనక కుక్కరు విజిల్ వేస్తే మళ్లీ మొదటినుంచి. పీడీఎఫ్ చేయడం కొడుకు నేర్పాడు, గూగుల్ ఫారం పక్కింటి ఇంజనీరింగ్ అమ్మాయి నేర్పింది. టీవీ లేని ఇళ్లకు నడిచి పోయి, పంచాయతీ దగ్గరో, పక్కింట్లోనో పిల్లల్ని కూర్చోబెట్టి వచ్చేది. ఆ రోజుల్లో మన టీచర్లు చేసిన పని చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కుతుందో లేదో తెలియదు కానీ, మన ఇళ్లలోనైనా చెప్పుకోవాలి.

ఆ హడావుడిలో ఒక్కటి తప్పిపోయింది. చెయ్యి ఎక్కడ పెట్టొద్దో ఎవరూ చెప్పలేదు.

ప్రతి క్లాసుకూ వాట్సప్ గ్రూపు పెట్టారు. గ్రూపు అన్నాక అందరి నంబర్లు అందరికీ కనపడతాయి. ఆడపిల్లల నంబర్లు, తల్లుల నంబర్లు, డీపీలో ఫొటోలు. ఒక పిల్ల చేతిలో ఉన్న ఫోన్ నిజానికి ఏ మేనమామదో, ఏ అద్దెకుండే అబ్బాయిదో కూడా కావచ్చు. అంటే గ్రూపులో ఎవరున్నారో పెట్టిన టీచరుకే పూర్తిగా తెలియదు.

మాకు తెలిసిన ఒక కుటుంబంలో జరిగింది చెప్తాను, పేర్లు వద్దు. పదో తరగతి అమ్మాయి. తండ్రి గల్ఫ్‌లో. అలాంటి గ్రూపు నుంచే ఎవరో నంబరు తీసుకుని రాత్రిపూట మెసేజీలు మొదలుపెట్టారు. మొదట హాయ్, తర్వాత పొగడ్తలు, తర్వాత ఆమె డీపీ ఫొటోను మార్చి పంపి బెదిరింపు. ఆ పిల్ల మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు. తల్లికి కూడా. ఎందుకు చెప్పలేదంటే, చెప్తే ఫోన్ గుంజుకుంటారు, బడి బంద్ చేస్తారు, సంబంధాలు చూస్తారు. ఆమె లెక్క తప్పని నేను అనలేను. మన ఇళ్లు అలాగే ఉన్నాయి.

చివరికి చెప్పింది ఒక టీచరుకు. మా వదినకే. అదృష్టం ఏమిటంటే, వదిన అప్పటికి కొద్దిరోజుల ముందే సైబర్ భద్రత మీద ఒక శిక్షణకు పోయి వచ్చింది. అంతకుముందు అయితే, "ముందు అవన్నీ డిలీట్ చెయ్యి" అనేదాన్ని అని తనే చెప్పింది. మనలో ఎవరైనా అదే అంటాం కదా! డిలీట్ చేస్తే సాక్ష్యం పోతుంది. వదిన మొదట ఆ పిల్లతో, "తప్పు నీది కాదు బిడ్డా" అంది. తర్వాత మెసేజీలన్నీ, నంబరుతో, తేదీతో కనపడేలా స్క్రీన్‌షాట్లు తీయించింది. జవాబు ఇవ్వొద్దంది. తల్లి దగ్గరికి తనే పోయి గంటసేపు కూర్చుని, ఫోన్ గుంజుకోబోమని మాట తీసుకున్న తర్వాతే విషయం చెప్పింది. ఆ తర్వాత షీ టీమ్ దగ్గరికి పోయారు. ఆ పిల్ల ఇప్పుడు డిగ్రీ చదువుతోంది.

ఒక్క మధ్యాహ్నం విన్న శిక్షణ ఆ పిల్ల చదువును నిలబెట్టింది. అందుకే ఈ శిక్షణల చరిత్ర కూడా చూశాను. చట్టాలు ముందునుంచే ఉన్నాయి. ఐటీ చట్టం 2000లో వచ్చింది. పిల్లల మీద లైంగిక నేరాలను అడ్డుకునే పోక్సో చట్టం 2012లో వచ్చింది. అలాంటి నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలని అందులో ఉంది. టీచర్లకూ ఇది వర్తిస్తుంది. విద్యార్థుల కోసం సైబర్ భద్రత మీద కేంద్ర హోంశాఖ చిన్న పుస్తకం తెచ్చింది మాత్రం 2018లో. బడికి మొదటి కంప్యూటరు వచ్చింది 1984లో అని చెప్పాను కదా, మధ్యలో ఎన్నేళ్లో మీరే లెక్కపెట్టండి. 2019 ఆగస్టులో సైబర్ నేరాలకు జాతీయ పోర్టల్ వచ్చింది. 2020లో ఎన్‌సీఈఆర్‌టీ, యునెస్కో కలిసి ఆన్‌లైన్ చదువులో జాగ్రత్తల మీద పుస్తకం తెచ్చాయి. హైదరాబాద్ సీడాక్ వాళ్లు తెలుగులో కూడా అవగాహన సామగ్రి ఇస్తున్నారు. 2021లో మన రాష్ట్ర పోలీసు మహిళా భద్రతా విభాగం, విద్యాశాఖతో కలిసి సైబర్ కాంగ్రెస్ మొదలుపెట్టింది. 33 జిల్లాల్లో 1,650 సర్కారు బడుల నుంచి పిల్లల్ని సైబర్ అంబాసిడర్లుగా తయారు చేశారు. వాళ్లకు తోడుగా టీచర్లకూ నేర్పారు. పిల్లలు పెద్దవాళ్లకు చెప్పుకోలేనిది తోటి పిల్లలకు చెప్పుకుంటారు. అందుకే ఆ పద్ధతి నాకు నచ్చింది.

నచ్చనిదీ ఒకటుంది. 2020 జాతీయ విద్యావిధానం ప్రకారం ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిలో కొత్త విషయాలు నేర్చుకోవాలి. మాట మంచిదే. కానీ ఆ గంటల్లో చాలా భాగం ఫోన్‌లో వీడియోలు నడపడం, చివర ప్రశ్నలకు టిక్కు పెట్టడం, సర్టిఫికెట్ దింపుకోవడంగా మారిపోతోంది. వీడియో నడుస్తుంటే చపాతీలు చేసే టీచర్లను నేను చూశాను. వాళ్లను ఏమనను? హాజరు యాప్, భోజనం యాప్, ఇంకా ఏవేవో యాప్‌లు నింపి ఇంటికి వచ్చిన మనిషికి రాత్రి తొమ్మిదికి ఇంకో లింకు వస్తే ఏం వింటుంది? ఆ పదో తరగతి పిల్లను కాపాడింది సర్టిఫికెట్ కాదు. ఒక పోలీసామె ఎదురుగా నిలబడి, నిజంగా జరిగిన కేసులు చెప్పి, "మీరైతే ఏం చేస్తారు?" అని టీచర్లను ఒక్కొక్కరినీ అడిగిన ఆ మధ్యాహ్నం. అది పాత టీచర్స్ సెంటరు పద్ధతే.

ఇందులో మనం చేయగలిగినవి కూడా ఉన్నాయి. వదినను అడిగి రాసుకున్నాను.

బడి గ్రూపులో టీచర్లు మాత్రమే మెసేజీ పెట్టేలా చేయమని అడగండి. నంబర్లు ఒకరికొకరికి కనపడని బ్రాడ్‌కాస్ట్ లిస్టు గానీ, కమ్యూనిటీ గానీ పెడితే ఇంకా మంచిది. ఆడపిల్లల పేరు, తరగతి, ఫొటో కలిపి స్టేటస్‌లో, ఫేస్‌బుక్‌లో పెట్టొద్దని చెప్పండి, బహుమతి వచ్చినప్పుడు కూడా. టీచరు ఫొటోతో డబ్బులు అడుగుతూ మెసేజీ వస్తే, ఆ టీచరు పాత నంబరుకు ఫోన్ చేసి కనుక్కోండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే డబ్బును ఆపే వీలు అంత ఎక్కువ. మిగతా ఫిర్యాదులకు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ ఉంది. పిల్లల ఆపదకు 1098 ఉంది. ఇవి ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి.

ఇక అన్నిటికన్నా కష్టమైనది ఒకటి. మన పిల్లలకు ముందే మాట ఇవ్వాలి: "ఫోన్‌లో ఏం జరిగినా మాకు చెప్పు, చెప్పినందుకు ఫోన్ గుంజుకోం, బడి మాన్పించం" అని. ఒకసారి చెప్తే నమ్మరు. పదిసార్లు చెప్పాలి. మొదటిసారి ఏదైనా చిన్న తప్పు చెప్పుకున్నప్పుడు ఆ మాట మీద నిలబడాలి. టీచర్లు ఎంత నేర్చుకున్నా, ఇంట్లో ఈ మాట లేకపోతే పిల్ల టీచరు దాకా కూడా రాదు.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు పోయినప్పుడు మార్కులు అడగండి, తప్పకుండా అడగండి. దాంతోపాటు ఇంకొక్కటి అడగండి: "మా పిల్లకు ఫోన్‌లో ఎవరైనా ఇబ్బంది పెడితే ఈ బడిలో ఏ టీచరుకు చెప్పాలి?" టీచరు వెంటనే ఒక పేరు చెప్తే సంతోషించండి. ఆలోచించి చెప్తానంటే కోప్పడకండి, వచ్చే మీటింగ్‌లో మళ్లీ అడగండి. మీ బడిలో ఏం జవాబు వచ్చిందో నాకూ రాయండి.